మాటలు రాని పిల్లల నొప్పికి అంకె వేసేటప్పుడు

అమ్మలూ,

పిల్లల సర్జరీ వార్డులో డ్యూటీ పడిందన్నావు కదా, ముందు బిడ్డని చూసి నొప్పికి అంకె వేసే ఫ్లాక్ (FLACC) స్కేలు చేతికి అలవాటు చేసుకో. రెండు నెలల నుంచి ఏడేళ్ల వరకు పనికొస్తుంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం: ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం పదికి.

తప్పు జరిగేది కూడికలో కాదు, చూడటంలో. గుమ్మంలోంచి ఒక చూపు చూసి అంకె వేసేస్తారు. మెలకువగా ఉన్న బిడ్డని రెండు నిమిషాలైనా చూడాలి, నిద్రపోతుంటే ఐదు. దుప్పటి తియ్యి. కాళ్లు వదులుగా ఉంటే 0, బిగుసుకుని నిలకడ లేకుంటే 1, తన్నుకుంటున్నా పొట్టకేసి ముడుచుకున్నా 2. ఒంటి మీద చెయ్యి వేసి బిగువు చూడు. గడ్డం అదేపనిగా వణుకుతున్నా, దవడ బిగించి ఉన్నా ముఖానికి 2. ఎవరినీ పట్టించుకోకుండా తనలో తాను ఉండిపోయినా 1 పడుతుంది, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

ఏడవని బిడ్డ దగ్గరే నువ్వు ఇంకాస్త ఆగాలి. కడుపు కోసిన బిడ్డ కదిలితే నొప్పెడుతుందని కదలకుండా పడుకుంటుంది, మనం "బుద్ధిగా ఉంది" అనుకుంటాం. అందుకే పక్కకి తిప్పేటప్పుడు, దగ్గినప్పుడు కూడా స్కోరు వెయ్యి. నాడి వేగాన్ని నమ్ముకోకు, జ్వరానికీ భయానికీ కూడా అది పెరుగుతుంది. ఆకలేసినా ఏడుస్తారు, నిజమే. పాలు పట్టించి, తల్లి ఒళ్లో పెట్టి మళ్లీ చూడు, కానీ ఆ వంకతో మందు ఆలస్యం చెయ్యకు. 4 దాటేదాకా ఆగకు, 4 రాగానే డాక్టరుకి చెప్పు.

ఎదుగుదల లోపం ఉన్న పిల్లలు నొప్పిని వేరేలా చూపిస్తారు. ఒకరు నవ్వుతారు, ఒకరు ఊపిరి బిగబడతారు. "నొప్పొస్తే మీవాడు ఏం చేస్తాడమ్మా?" అని తల్లిని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు చార్టులో రాయి.

రెండు నెలల లోపు పిల్లలకి ఈ స్కేలు కాదు, పసికందుల నొప్పి కొలిచే నిప్స్ (NIPS) స్కేలు వాడు. పసిగుడ్డుకి నొప్పి తెలియదన్న నమ్మకంతో 1980ల దాకా చాలాచోట్ల తగినంత మత్తు లేకుండానే కోసేవారు. 1987లో ఆనంద్, హికీ అనే వైద్య పరిశోధకులు రాసిన సమీక్ష ఆ నమ్మకాన్ని గట్టిగా కదిపింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

నోటి మందు వేశాక గంటకి మళ్లీ స్కోరు వెయ్యాలి, సర్వసాధారణంగా ఎగిరిపోయేది ఇదే. షిఫ్టు అప్పగించేటప్పుడు "బాగానే ఉన్నాడు" అనకు. పడుకున్నప్పుడు ఎంత, కదిలిస్తే ఎంత, మందు ఎన్నింటికి పడింది, ఆ తర్వాత ఎంతకి దిగింది, ఇవి చెప్పు.

అమ్మ