నీడపట్టు వరండాల గురించీ రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మొక్కల గురించి వచ్చేవన్నీ వదలకుండా చదువుతాను. టమాటా, వంకాయ, గులాబీ, మందారం... అన్నీ ఎండ కావాల్సినవే. ఎండ రాని మాలాంటి వాళ్ళ సంగతేంటండీ?

మాది విజయవాడలో ఉత్తరం వాకిలి ఇల్లు. పక్క స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచాక పొద్దున్నే వరండాలో పడే ఆ కాస్త ఎండ కూడా పోయింది. ఆ తర్వాత రెండేళ్ళలో అయిదు గులాబీలు, రెండు మందారాలు, ఒక మల్లె పోయాయి. మల్లె అయితే వెలుతురు కోసం గ్రిల్లు దాకా సాగి సాగి ఒక్క మొగ్గ తొడక్కుండానే ఎండిపోయింది. కొనేటప్పుడల్లా "ఎండ పడదు, బతుకుతుందా" అని బండి అతన్ని అడిగేదాన్ని, "బ్రహ్మాండంగా బతుకుద్దమ్మా" అనేవాడు. మా వీధిలో ఇలా చీకటి పడిన ఇళ్ళు ఇంకో నాలుగున్నాయి, అందరి అరుగుల మీదా ఖాళీ కుండీలే.

కిందటేడాది రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళి, పనిలో పనిగా కడియం నర్సరీలు చూసొచ్చాను. గులాబీలు, బంతులు ఆరుబయట ఎండలో ఉన్నాయి, అగ్లోనిమా, సింగోనియం, పీస్ లిల్లీ, ఫెర్న్‌లు పచ్చటి షేడ్‌నెట్ కింద ఉన్నాయి. నాకు కావాల్సిన జవాబు అక్కడే దొరికింది. ఇప్పుడు మా వరండాలో ఆ షేడ్‌నెట్ కింద పెరిగేవే పదిహేను కుండీలున్నాయి, వాటితో పాటు ఒక తమలపాకు తీగ. గుంటూరు జిల్లాలో తమలపాకు తోటలు చూసినవాళ్ళకి తెలుసు, అవిశ చెట్ల నీడలోనే పాకుతుంది అది. మే నెల వడగాడ్పుల్లో మేడ మీద మొక్కలు మాడిపోతుంటే మా తీగ కొత్త ఆకు వేసింది.

నీళ్ళ విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. నీడలో మట్టి తొందరగా ఆరదు. ఎండలో మొక్కకి పోసినట్టు రోజూ చెంబుడు పోస్తే వేరు కుళ్ళి, ఆకులు పసుపెక్కుతాయి. అది చూసి నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తాం! నా మొదటి జీజీ ప్లాంట్ అలాగే పోయింది, దాని దుంపల్లోనే నీళ్ళు దాచుకుంటుందని అప్పుడు తెలియదు. వేలు లోపలికి దింపి చూస్తే మట్టి పొడిగా ఉండాలి, అప్పుడే పోయాలి. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకూడదు, వారానికోసారి పారబోసి గట్టిగా రుద్ది కడగాలి, ఎందుకంటే డెంగ్యూ దోమ గుడ్లు పళ్ళెం అంచున ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి.

ఇంకొకటి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. రెండేళ్ళ మా మనవడు డంబ్ కేన్ (తెల్ల మచ్చల పెద్ద ఆకులుండే కుండీ మొక్క) ఆకు కొరికాడు. పెదవి వాచిపోయి, నోరంతా మంటతో గుక్కపట్టి ఏడ్చాడు. డాక్టరు గారు ప్రమాదం లేదని చెప్పేదాకా ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్. కంద, చేమ కోస్తే చేతులు ఎందుకు దురదపెడతాయో అదే కారణం, ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. అన్నీ ఒకే కుటుంబం. అగ్లోనిమా, మనీప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ కూడా ఆ కుటుంబమే. డంబ్ కేన్ అమ్మినవాళ్ళు ఈ సంగతి ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు అవన్నీ పిల్లాడికి అందనంత ఎత్తులో పెట్టాం, డంబ్ కేన్ తీసేశాం.

స్నేక్ ప్లాంట్ గురించి ఎక్కడ చదివినా గాలిని శుభ్రం చేస్తుందని నాసా చెప్పిందనే రాస్తారు. 1989 నాటి ఆ పరీక్ష గాలి చొరకుండా మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. అన్ని వైపులా తెరిచి ఉండే వరండాకి దానితో ఏం సంబంధం? మొక్క కొనేవాళ్ళకి అంతకన్నా అవసరమైన ముక్క, దానికి ఎండ ఎంత కావాలన్నది, అది మాత్రం ఉండదు.

అందుకే అడుగుతున్నాను. మీరు రాసే ప్రతి మొక్క పక్కనా రోజంతా ఎండ కావాలా, పొద్దుటి ఎండ చాలా, అసలు ఎండ లేకపోయినా ఫరవాలేదా అన్నది ఒక్క లైను వేయండి. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా కాదా అన్నది ఇంకో లైను. తొలకరికి అందరూ మొక్కలు కొంటారు కాబట్టి జూన్ లోపే మొదలుపెడితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ