కొత్తవాళ్లకు ఒక కోర్టు, ఒక గంట

సంపాదకుడికి,

అయ్యా,

పికిల్‌బాల్, అంటే నెట్‌కు అటూ ఇటూ నిలబడి ప్యాడిల్ అనే పొట్టి పిడి బ్యాట్‌తో చిల్లుల ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట, దాని కోర్టులు పెరుగుతున్నాయి, సంతోషం. కానీ కోర్టు గేటు దాకా వచ్చి, కాసేపు బయట నిలబడి చూసి, అడగడానికి మొహమాటపడి వెనక్కి వెళ్లిపోయేవాళ్ల గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. వాళ్ల తరఫున మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పబ్లిక్ కోర్టులు నడిపేవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు, ఒక్క గంటసేపు, ఒక కోర్టును బొత్తిగా ఆట తెలియనివాళ్లకే కేటాయించాలి. నేర్పడం వచ్చిన మనిషి ఒకరు ఆ గంటా అక్కడ ఉండాలి.

ఆ గేటు దగ్గర నేనూ నిలబడ్డాను. అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. స్కూలు వదిలాక ఏ ఆటా ఆడి ఎరగను. లోపల ఆడుతున్నవాళ్లలో ఒకరు పిలిచి, చేతికి ప్యాడిల్ ఇచ్చి, "ఆడుతూ ఉంటే అదే వచ్చేస్తుంది" అని నేరుగా డబుల్స్‌లో నిలబెట్టారు. అవతలివైపు ఆయన "జీరో, జీరో, టూ" అని గట్టిగా చెప్పి సర్వ్ చేశారు. ఆటే మొదలవలేదు, ఆ రెండు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు అంతుబట్టలేదు. తర్వాత బంతి నెట్ దగ్గర తేలిగ్గా వస్తే ముందుకెళ్లి గాల్లోనే కొట్టాను. "కిచెన్! కిచెన్!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. తప్పు ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. పావుగంటలో ఏదో వంక చెప్పి బయటపడ్డాను. మళ్లీ ఎనిమిది నెలల దాకా అటు తొంగి చూడలేదు.

వాళ్లు మంచివాళ్లే. ఆట మీద ప్రేమతోనే పిలిచారు. కానీ బాగా ఆడటం వేరు, నేర్పడం వేరు. ఆ మూడో అంకె సర్వ్ చేసేది జట్టులో మొదటి మనిషా, రెండో మనిషా అని చెబుతుంది. ఆట మొదట్లో ముందుగా సర్వ్ చేసే జట్టుకు ఒక్కరికే అవకాశం కాబట్టి లెక్క రెండుతో మొదలవుతుంది. రెండు వాక్యాల్లో అయిపోయే సంగతి. అసలు మొదటి రోజు ఆ సంగతితోనే పని లేదు.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఇది ఇంటిల్లిపాదీ ఆడుకోవడానికి పుట్టిన ఆట. 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయెల్ ప్రిచార్డ్, బిల్ బెల్ అనే ఇద్దరు స్నేహితులు తమ కుటుంబాల కాలక్షేపం కోసం దీన్ని మొదలుపెట్టారు. బ్యాడ్మింటన్ సామగ్రి సరిగా దొరక్క, టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకుని పాత బ్యాడ్మింటన్ కోర్టులో ఆడారట. బార్నీ మెకల్లమ్ అనే మరో మిత్రుడు వాళ్లతో కలిసి నియమాలు కుదిర్చారు. కోర్టు ఈనాటికీ బ్యాడ్మింటన్ డబుల్స్ కొలతే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. పరుగు తక్కువ. చిల్లుల వల్ల బంతి గాల్లో వేగం కోల్పోతుంది. పిడి పొట్టిది కాబట్టి బంతి చేతికి దగ్గర్లోనే తగులుతుంది. సరిగ్గా నేర్పితే మొదటి గంటలోనే ఎవరైనా నాలుగైదు దెబ్బల ర్యాలీ ఆడగలరు. అలాంటి ఆటలో మొదటి రోజే మనిషి చిన్నబోయి వెళ్లిపోతే ఆ లోపం నేర్చుకునేవాళ్లది కాదు.

నాకు తర్వాత నేర్పింది మా పక్కింటి అక్క. ఇప్పుడు నేనూ ఆవిడ పద్ధతిలోనే కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. మొదటి రోజు సర్వ్ జోలికి వెళ్లం. ఇద్దరినీ నెట్‌కు అటూ ఇటూ, నెట్‌కు ఏడు అడుగుల దూరంలో ఉండే గీత వెనక ఎదురెదురుగా నిలబెడతాం. బంతిని ఒకసారి నేల మీద పడనిచ్చి, నెట్ మీదుగా మెల్లగా అవతలివాళ్ల ముందుకు జారవిడవాలి. దీన్నే డింక్ అంటారు. "కొట్టకండి, ఎత్తి అవతల పెట్టండి" అని చెబితే చాలా మందికి చప్పున అర్థమవుతుంది.

ఈ మధ్య ఒక పెద్దావిడ వచ్చారు. ప్యాడిల్‌ను ఎంత బిగించి పట్టుకున్నారంటే, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. బంతి తగలగానే కోర్టు అవతల కంచె దాకా పోతోంది. "ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తే ఎలా పట్టుకుంటారో అంతే పట్టుకోండి" అన్నాను. మోచెయ్యి కిందికి దిగింది, భుజం వదులైంది. తర్వాతి బంతి నెట్‌కు తగిలింది. ఆ తర్వాతిది అవతల పడింది. అప్పుడు పైకి లెక్కపెట్టమన్నాను. మూడు దగ్గర ఆగింది, మళ్లీ ఐదు దగ్గర. గంట ముగిసే ముందు ఆవిడ, ఎదురుగా ఉన్న కుర్రాడు కలిసి పదకొండు దాకా లెక్కపెట్టారు. పదకొండు అన్నప్పుడు ఆవిడ గొంతు కోర్టంతా వినిపించింది. మరుసటి వారం గేటు తెరవకముందే వచ్చి కూర్చున్నారు.

చేతికి బంతి అలవాటయ్యాక ఒక్కో అడుగూ వెనక్కి తీసుకెళ్లి, చివరి గీత దగ్గర సర్వ్ నేర్పాలి. బంతిని చేతిలోంచి వదిలేసి, నేల మీద పడి లేచాక కొట్టే సర్వ్‌కు కూడా నియమాలు ఒప్పుకుంటాయి. కొత్తవాళ్లకు అది ఎంతో తేలిక. కానీ ఈ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లేరీ? సర్వ్ ఒకసారి, దాని జవాబు ఒకసారి నేల మీద పడాల్సిందే, ఆ తర్వాతే గాల్లో కొట్టొచ్చు అనే నియమాన్ని నోటితో "ఒకటి, రెండు, ఇక మన ఇష్టం" అనిపిస్తూ ఆడిస్తాం. రెండు రోజుల్లో ఒంటికి పడుతుంది.

కిచెన్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నెట్‌కు ఇరువైపులా ఉన్న ఆ ఏడు అడుగుల జాగాలో కాలు పెట్టకూడదని చాలామంది అనుకుంటున్నారు. అది తప్పు. అక్కడ నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు, కొట్టిన ఊపులో లోపలికి పోకూడదు, అంతే. నేల మీద పడ్డ బంతి కోసం నిక్షేపంగా వెళ్లొచ్చు. ఇది చెప్పకపోతే గీత దగ్గరే కాళ్లు బిగబట్టి, నడుము వంచి, చెయ్యి చాపి ముందుకు పడతారు. తల మీదుగా వెళ్లే బంతి కోసం వెనక్కి వెనక్కి నడవడం ఇంకా ప్రమాదం. అలా పడితే మనిషి చెయ్యి ఆన్చుతాడు, పెద్ద వయసువాళ్లకు మణికట్టు విరుగుతుంది. పక్కకు తిరిగి పరుగెత్తమని, అందకపోతే వదిలేయమని మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి. పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వస్తే "బాల్" అని అరిచి ఆట ఆపేయాలని కూడా. తెలియనివాళ్లను మ్యాచ్‌లో దింపేటప్పుడు ఇవి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

కోర్టులు రోజూ ఆడేవాళ్లకే చాలడం లేదని కొందరు అంటారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, నేనూ ఇప్పుడు వంతు కోసం ఎదురుచూసే మనిషినే. కానీ మ్యాచ్‌లో నలుగురే ఆడే కోర్టులో డింక్ నేర్పేటప్పుడు ఆరుగురు హాయిగా నిలబడొచ్చు. కొత్త కట్టడం ఏదీ అక్కర్లేదు. నాలుగైదు ప్యాడిల్స్ అక్కడే ఉంచితే కొనుక్కోకుండానే ఆడి చూస్తారు. నేర్పేవాళ్లను ఎంచుకునేటప్పుడు మాత్రం ఎన్ని కప్పులు గెలిచారని చూడొద్దు, ఒకే మాటను పదోసారి కూడా విసుక్కోకుండా చెప్పగలరా అని చూడండి. పాత ఆటగాళ్లు వంతులవారీగా వచ్చినా సరిపోతుంది. నేను మంగళ, శుక్రవారాల్లో వస్తాను, ఇంకో ఇద్దరు కూడా వస్తామన్నారు. నిర్వాహకులు ఏ కోర్టో, ఏ గంటో నిర్ణయించి, గేటు మీద బయటివాళ్లకు కనిపించేలా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు