కోయవద్దని రాసిచ్చినా కోసేసిన చందమామ వాల్యూములు – ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. జనవరి 18న విజయవాడలోని మీ బ్రాంచిలో మూడు పాత చందమామ బౌండు వాల్యూములు ఇచ్చాను. 1960ల తొలి సంవత్సరాలవి. నేను అడిగినవి రెండే పనులు. పుస్తకం విప్పకుండా పైనుంచి కెమెరాతో స్కాన్ చేయాలి, వదులైన కుట్టు బిగించాలి. "కోయవద్దు" అని రసీదు మీద మీ కౌంటర్‌లోని అమ్మాయి చేతే రాయించుకున్నాను. నకలు జత చేస్తున్నాను.

ఫిబ్రవరి 20న పార్సిల్ విప్పగానే నా కాళ్లు చల్లబడ్డాయి. వాల్యూముల వీపు మొత్తం కటింగ్ మిషన్‌తో కోసేశారు. విడి కాగితాలైతే స్కానర్ గబగబా లాగేసుకుంటుందని ఆ పని చేశారని ఫోన్‌లో మీ సూపర్‌వైజరు గారే చెప్పారు. మళ్లీ కుట్టకుండా వేడి జిగురుతో అతికించారు. అరవై ఏళ్లు దాటిన కాగితం అది. నారలో బిగువు ఉండదు, వంచితే విరుగుతుంది. వాల్యూము తెరిచిన రోజే పదకొండు పేజీలు నా చేతిలోకి ఊడి వచ్చాయి.

చందమామ సంచికలు పిన్ను కొట్టి వచ్చేవి. వాటిని కలిపి కుట్టించినప్పుడే లోపలి మార్జిన్ సగం కుట్టులోకి పోయింది. మీరు కోసిన కోతకు మిగిలిన సగమూ పోయింది. చాలా పేజీల్లో ప్రతి లైనుకూ మొదటి అక్షరమో చివరి అక్షరమో లేదు. మీరు సీడీలో ఇచ్చిన స్కాన్‌లో కూడా లేదు, ఎందుకంటే ముందు కోసి తర్వాత స్కాన్ చేశారు. కాగితం పోయినా కథ మిగిలిందని అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

వీటిలో ఏముందో మీ సిబ్బందికి తెలియదేమో, అందుకే చెబుతున్నాను. ప్రతి సంచికలో ఒక బేతాళ కథ ఉంటుంది. భుజం మీద శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గారిది. 'రాకాసిలోయ' సీరియల్ భాగాలు ఉన్నాయి. అది రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, బొమ్మలు చిత్ర గారివి. మాంత్రికులు, రాక్షసులు, వింత జంతువులతో దాసరి గారు ఏళ్ల తరబడి అలాంటి సీరియళ్లు రాశారు. అప్పుడు పత్రికలో ఆయన పేరే వేసేవారు కాదు. 2010లో ఆయన పోయారు. పేరు కూడా లేకుండా ఒక మనిషి చేసిన పని మొదట అచ్చైన రూపంలో ఈ కాగితాల మీదే ఉంది. మాలాంటి వాళ్లం వీటి కోసం ఊళ్లు తిరిగేది అందుకే.

మూడింటిలో ఒకటి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద నాకు దొరికింది. రెండు మా అమ్మవి. నెలనెలా కొని, సంవత్సరం చివర బైండరుకిచ్చి కాలికో గుడ్డ అట్ట వేయించేది. పురుగు పట్టకుండా ఆయన మైదా బంకలో మైలుతుత్తం కలిపేవాడు. మీరు వేసిన జిగురు నెల కూడా నిలవలేదు. ఆయన బంక మా ఇంట్లో ఇన్నేళ్లు ఆగింది. ఏ సంచిక ఎవరు చదవడానికి తీసుకెళ్లారో అమ్మ పక్క మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకునేది. అంచులు సమానంగా కనబడాలని మూడు వైపులా చెక్కేశారు కదా, ఆ పేర్లన్నీ పోయాయి. అమ్మ చేతిరాత ఇంకెక్కడా లేదు నా దగ్గర.

రంగుల ముఖచిత్రాలు, ప్రకటనల పేజీలు కూడా తిరిగి రాలేదు. "కథలు కావు కదా, బరువు తగ్గుతుందని తీసేశాం" అన్నారు. వడ్డాది పాపయ్య గారు వేసిన అట్టల కోసమే పాత సంచికలు వెతికేవాళ్లు ఉన్నారు. అట్ట లేని సంచికను కొనేవాళ్లు తక్కువ, కొన్నా ధర బాగా తగ్గించి అడుగుతారు. ఆబిడ్స్‌లో కొన్న వాల్యూము రాజమండ్రిలో ఒక పెద్దాయనకు 6,000 రూపాయలకు అమ్ముతానని మాటిచ్చాను. జరిగింది చెప్పి, ఆయన ఇచ్చిన 2,000 అడ్వాన్సు వెనక్కి పంపేశాను. పాడైన పుస్తకాన్ని బాగుందని చెప్పి అమ్మలేను.

పాత పుస్తకానికి ఏ మరమ్మతు చేసినా, అవసరమైతే మళ్లీ ఊడదీయగలిగేలా ఉండాలి. పలుచని జపాన్ కాగితం, పిండి బంక వాడేది అందుకే, తడి చేస్తే వదులుతాయి. కటింగ్ మిషన్ చేసిన పనిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆ ఒక్క విషయం మీ వర్క్‌షాపులో తెలిసిన మనిషి ఒక్కరున్నా ఇది జరిగేది కాదు.

ముందుగా నేను అడిగేది ఆ అట్టలు, ప్రకటనల పేజీలు. మీ గోడౌన్‌లో చిత్తు కాగితాల కింద పడి ఉన్నా సరే, వెతికించండి. చెక్కిన ముక్కలు దొరికితే వాటినీ పంపండి, పెన్సిల్ గీత ఉన్న ముక్క ఒక్కటైనా చాలు. వాటి మీద టేపు, లామినేషన్ ఏమీ వేయవద్దు, మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టి పంపండి. ఇది ఈ వారంలోనే జరగాలి, ఆలస్యమైతే చిత్తు కొనేవాడి చేతిలో పడతాయి.

నేను కట్టిన 4,800 రూపాయలు, అమ్మకం పోయిన వాల్యూముకు 6,000 రూపాయలు తిరిగి ఇవ్వండి. అమ్మ వాల్యూములకు నేను ధర కట్టడం లేదు. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. మీ దగ్గర ప్రస్తుతం ఇంకెవరివైనా పాత పుస్తకాలు ఉంటే, వాటిని కోయడం ఈరోజే ఆపించండి.

ఇట్లు,
మీ ఖాతాదారు

జత: రసీదు నకలు, ఊడిన పేజీల ఫోటోలు