ఒకటో తరగతిలోనే పట్టించుకోవాలి

చదవడంలో వెనకబడిన ఒకటో తరగతి పిల్లలను ఆ ఏడాదిలోనే గుర్తించి ప్రత్యేకంగా చదివించే ఏర్పాటు ప్రకాశం జిల్లా ప్రభుత్వ బడుల్లో వెంటనే జరగాలి. మా కొండపి ప్రాంతంలో మూడో తరగతికి వచ్చినా గుణింతాల దగ్గరే ఆగిపోయిన పిల్లలను చూస్తున్నాను. పాఠం మొత్తం బట్టీపట్టి గడగడా అప్పజెబుతారు. అదే పేజీలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఒత్తులు వస్తే ఇక నోరు పెగలదు. ఇంతా చేసి వాళ్లు మందమతులు కారు, లెక్కల్లో చురుకైనవాళ్లే ఎక్కువ. పొగాకు పనుల కాలంలో తల్లిదండ్రులు తెల్లారకముందే పొలానికో, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గరికో పోవాలి. ఇంట్లో పుస్తకం తెరిపించేవాళ్లుండరు. రెండు మూడు తరగతులను ఒక్కరే చూసుకునే టీచరును తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం, దానికి గడువు 2026-27. మూడో తరగతిలో పరీక్ష పెట్టి లోటు తెలుసుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది, పిల్లలకు బడంటేనే టెన్షన్ పట్టుకుంటుంది. అందుకే దసరా సెలవుల లోపే ఒకటో తరగతి పిల్లలను ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని చదివించి చూడాలి. వెనకబడినవారిని ముగ్గురు నలుగురు చొప్పున జట్టు చేసి రోజూ అరగంట, చిన్న చిన్న కథల పుస్తకాలతో చదివించాలి. ఇందుకు మైనంపాడులోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో చదువుతున్న ఛాత్రోపాధ్యాయులను, ఊళ్లో డీఎడ్ చదివి ఖాళీగా ఉన్నవారిని గౌరవ వేతనంపై వినియోగించేలా జిల్లా విద్యాశాఖ ఈ ఏడాదే ఉత్తర్వులివ్వాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కొండపి, ప్రకాశం జిల్లా