ఊళ్ల నుంచి ఎర్రగడ్డకు ఆక్సిజన్‌తో వచ్చేవాళ్లకి

అందరికీ నమస్కారం. వచ్చే వారం మనవాళ్లు ముగ్గురు ఊళ్ల నుంచి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వస్తున్నారు కాబట్టి మా అనుభవం చెప్తున్నా.

మొన్న మా నాన్నగారిని అచ్చంపేట నుంచి తీసుకొచ్చాం. నిండు బి టైపు సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు రావాలి. పోను, రాను, మధ్యలో లైను, పరీక్షలు కలిపినా సరిపోతుందనుకున్నాం. కానీ తిరుగు ప్రయాణంలో ఆమనగల్లు దాటాక చూస్తే మీటరు ముల్లు ఎర్ర గీత మీదుంది! పొద్దున ఆయనకి దగ్గు ఎక్కువైందని మా అత్తయ్య టెన్షన్‌లో ఆక్సిజన్ నాబ్‌ని 2 నుంచి 4 లీటర్లకి తిప్పిందట. పాపం, ఆమెనేమనగలం. అదృష్టం బాగుండి డిక్కీలో ఇంకో చిన్న సిలిండర్ ఉంది.

గాలి అయిపోవడం ఒక్కటే కాదు సమస్య. సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకి ఆక్సిజన్ అతిగా ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి వెళ్లిపోతారు. వాళ్లకి సాధారణంగా ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 శాతం ఉంటే చాలంటారు. మీ పేషెంటుకి ఎంత ఉండాలో, నాబ్ ఎంతలో పెట్టాలో డాక్టర్‌గారినే అడిగి చీటీ మీద రాయించుకుని సిలిండర్‌కే అతికించండి. మేమిప్పుడు అదే చేశాం.

సిలిండర్ తిప్పే స్పేనర్ మర్చిపోకండి, అది లేకపోతే రెండో సిలిండర్ ఉన్నా దండగే. ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు, ఆధార్, పాత ఎక్స్‌రేలు కూడా. ఊపిరాడక మరీ ఇబ్బందైతే కారు కోసం చూడకుండా 108కి చేయండి.

ఎవరు ఏ రోజు వస్తున్నారో ఇక్కడే పెట్టండి. నేను ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ దగ్గరే ఉంటా.