మేకపాటి సంగతి అడిగావు కదా

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం మొన్న అందింది. చేసిన పనికి డబ్బులు అడగడానికి కూడా ఎవరో ఒక నాయకుడి వెనకాల నిలబడాల్సి వస్తోందనీ, అందుకే ఈసారి జడ్పీటీసీకి నువ్వే నిలబడదామనుకుంటున్నావనీ రాశావు. పైగా "మాజీ ఎంపీ మేకపాటి రాజమోహన్ రెడ్డి కూడా మనలాంటి సివిల్ ఇంజనీరే కదా" అన్నావు. మనలాంటి అన్న చోట కాసేపు ఆగి నవ్వుకున్నాలే. అయినా ఆయన సంగతి బానే తీశావు. మన నెల్లూరు జిల్లాలో ఈ దారిలో నడిచినవాళ్లలో, మొదట్నుంచీ చివరిదాకా చూడదగ్గ మనిషి ఆయనే.

ఊరు బ్రాహ్మణపల్లి, మర్రిపాడు మండలం. ఆ మెట్ట ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? డెల్టాలోలాగా కాలవ కింద మూడు కార్లు పండే చోటు కాదు. వానొస్తే పంట, లేకపోతే బెంగళూరో హైదరాబాదో బస్సెక్కడం. అక్కడి నుంచి సివిల్ ఇంజనీరింగ్ చదివి, కాంట్రాక్టుల్లోకి దిగి, కేఎంసీ కన్‌స్ట్రక్షన్స్ దాకా ఎదిగారు. కేరళలో త్రిశూర్ దగ్గర మణ్ణుత్తి–వడక్కంచేరి ఆరు వరుసల రోడ్డు పని వీళ్లదే. కుదిరాన్ సొరంగం ఆ రోడ్డు మీదే ఉంది. ఆ పని ఏళ్ల తరబడి సాగి సాగి, మొదటి సొరంగంలో బండ్లు తిరిగేటప్పటికి 2021 వచ్చింది. రోడ్డు పనిలో మట్టీ, మెషినరీ కంటే పర్మిషన్లే ఎక్కువ టైం తింటాయని మనకు తెలియంది కాదు.

రాజకీయాల్లో మొదటి గెలుపు 1985లో, ఉదయగిరి నుంచి, కాంగ్రెస్ టికెట్ మీద. ఎన్టీఆర్ 200 సీట్లు దాటించిన ఎన్నికలు అవి. ఆ గాలికి ఎదురు నిలబడి గెలవడం చిన్న విషయం కాదు. అంతకుముందు రెండుసార్లూ అక్కడ వెంకయ్యనాయుడు గెలిచారు. 1989లో ఒంగోలు ఎంపీ అయ్యారు. మళ్లీ లోక్‌సభకు వెళ్లింది 2004లో, అదీ నరసరావుపేట నుంచి!

నెల్లూరు మనిషికి ఒంగోలేంది, నరసరావుపేటేంది అని నీకు అనుమానం రావాలి. నెల్లూరు లోక్‌సభ సీటు అప్పట్లో ఎస్సీలకు రిజర్వు. నియోజకవర్గాల హద్దులు మార్చాక 2009లోనే జనరల్ అయింది. ఆ ఏడాదే ఆయన సొంత జిల్లా నుంచి ఎంపీ అయ్యారు. అంటే సొంత గడ్డ మీద ఎంపీగా పోటీ చెయ్యడానికి అరవై అయిదో ఏడు దాకా ఆగాల్సొచ్చింది. అందుకాయన చెయ్యగలిగింది ఏమీ లేదు, వేరే జిల్లాలు పట్టుకుని తిరగడం తప్ప. టెండరులో అయితే ఎస్టిమేటు కంటే ఎంత తక్కువకి (లెస్) వెయ్యాలో మన చేతిలో ఉంటుంది, ఇక్కడ అదీ లేదు.

ఇక 2012. ఆ ఉపఎన్నిక నీకు గుర్తుండే ఉంటుంది. వైఎస్ పోయాక జగన్ కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి పార్టీ పెట్టారు, ఈయన చేతిలో ఉన్న ఎంపీ పదవికి రాజీనామా చేసి ఆ పక్కకు వెళ్లారు. కాంగ్రెస్ ఎదురు ఎవర్ని దించిందో చూడు, టి. సుబ్బరామిరెడ్డిని. ఆయనా మన జిల్లావాడే, నాగార్జునసాగర్ పనులతో పైకొచ్చిన పెద్ద కాంట్రాక్టరే. ఇద్దరు కాంట్రాక్టర్లు ఎదురెదురుగా నిలబడితే పోటీ గట్టిగా ఉంటుందనుకున్నారు అందరూ. పోలింగుకు ముందు మే నెలాఖరులో జగన్ అరెస్టయ్యారు, విజయమ్మ, షర్మిల ఊరూరా తిరిగారు. మెజారిటీ 2 లక్షల 90 వేలు దాటింది. రెండేళ్లకి, 2014లో, అదే మనిషి, అదే సీటు, అదే ఫ్యాన్ గుర్తు. మెజారిటీ 13 వేల పైచిలుకు!

నేను నీకు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది రా. మనకి ఎం.బుక్ ఉంటుంది, చేసిన పని కొలతలు రాసే పుస్తకం. ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీశాం, ఎంత కాంక్రీట్ పోశాం, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కొలుస్తాడు, ఆయన పైన డీఈ మళ్లీ కొలిచి సరిచూస్తాడు. గొడవ పడ్డా ఆ పుస్తకం ముందేసుకుని పడతాం. ఓటుకి అలాంటి పుస్తకం లేదు. ఆ రెండేళ్లలో మేకపాటి పని మధ్యలో ఇరవై రెట్లు తగ్గిపోయిందా? ఆయన అక్కడే ఉన్నారు, గాలి మారింది అంతే. 2018లో ప్రత్యేక హోదా కోసం జగన్ పార్టీ ఎంపీలు అయిదుగురు రాజీనామా చేసి ఢిల్లీ ఏపీ భవన్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. డెబ్బై దాటిన ఈయన కూర్చున్న మర్నాడే ఆరోగ్యం బాగోక ఆస్పత్రి పాలయ్యారు. 2019లో సీటు ఎవరికిచ్చారు? 2014లో టీడీపీ తరఫున ఆయన మీద పోటీ చేసిన ఆదాల ప్రభాకరరెడ్డికి. ఎన్నికల ముందు పార్టీ మారి వచ్చి, టికెట్ తెచ్చుకుని గెలిచారు కూడా. నాకైతే ఇది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆయనకు మండిందో లేదో మరి.

తర్వాతి సంగతులు తలచుకోవడం కష్టం. కొడుకు గౌతమ్ రెడ్డి ఆత్మకూరు ఎమ్మెల్యే, పరిశ్రమల మంత్రి, 2022 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయాడు. దుబాయ్ నుంచి వచ్చిన మర్నాడో ఏమో. అంత్యక్రియలు ఉదయగిరిలో వాళ్ల ఇంజనీరింగ్ కాలేజీ దగ్గరే చేశారు. పెన్నా మీద సంగం బ్యారేజీకి ఆ అబ్బాయి పేరు పెట్టారు. చిన్నకొడుకు విక్రమ్ ఉపఎన్నికలో గెలిచి 2024లో ఓడాడు. ఉదయగిరిలో రాజమోహన్ రెడ్డి తమ్ముడు చంద్రశేఖర్ రెడ్డిని పార్టీ సస్పెండ్ చేసింది, ఆ స్థానంలో ఇంకో తమ్ముడు రాజగోపాల్ రెడ్డి నిలబడి ఓడిపోయారు. ఒకే ఇంట్లో ఇన్ని దారులు!

నిన్ను వద్దనడం లేదు. చేస్తే గట్టిగానే చెయ్యి. కానీ పేపరు పని ముందు చూసుకో. ఎమ్మెల్యే, ఎంపీలకైతే ప్రజాప్రాతినిధ్య చట్టంలో 9-ఏ సెక్షన్ ఉంది. సంబంధిత ప్రభుత్వంతో నీ పేరు మీద నడుస్తున్న పని ఉంటే అనర్హుడివే. పని పూర్తయి డబ్బు మాత్రమే రావాల్సి ఉంటే ఫరవాలేదు. పెద్దోళ్లకి కంపెనీలుంటాయి, కాంట్రాక్టు కంపెనీ పేరు మీద నడుస్తుంది, మనిషి విడిగా ఉంటాడు. నీది ప్రొప్రైటర్ లైసెన్సు, అంటే సొంత పేరు మీదదే, అన్నీ నీ సంతకాలే. పంచాయతీరాజ్ చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది, ఊళ్లో వకీలుకు చూపించుకో. ఆ చెక్‌డ్యాం పని సగంలో ఉందన్నావు కదా, నామినేషన్ నాటికి అది పూర్తవుతుందా?

ఇంకోటి, మీ మండలం ఈసారి ఏ రిజర్వేషన్ కిందకి వస్తుందో ఎవర్నైనా అడిగావా? మహిళకు వస్తే మాత్రం వదిన్ని ముందే ఒప్పించుకో. ఆమె ఏమందో తప్పకుండా రాయి.

నీ
సుధాకర్