ఉప్పునీటి బోటు, మంచినీటి చెరువు

సంపాదకులకు నమస్కారం.

మన చెరువుల్లో, రిజర్వాయర్లలో నడపడానికి కాకినాడ, విశాఖ వైపు నుంచి పాత మోటారు బోట్లు కొనుక్కొచ్చేవారున్నారు. ధర దగ్గర గట్టిగానే బేరమాడతారు, లారీ మాట్లాడతారు, దించిన రోజే నీళ్లలో వేస్తారు. మధ్యలో చేయాల్సిన పనే మిగిలిపోతుంది.

డబ్బు ఇవ్వకముందే చూడాల్సినవి రెండు. మొదటిది ఇంజిన్ బిగించే వెనుక పలక. చాలా ఫైబర్ బోట్లలో పూత లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీళ్లు దిగి అది పుచ్చిపోతుంది. ఇంజిన్ కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. పలక కదిలినా, సుత్తి పిడితో తడితే మొద్దుగా మోగినా ఆ బోటు జోలికి పోవద్దు. రెండోది గేర్ ఆయిల్. కింద పాత్ర పెట్టి, ఆ కాలి అడుగున గేర్లుండే గేర్‌కేసుకున్న రెండు స్క్రూల్లో ముందు కిందిది, తర్వాత పైది విప్పాలి. ఆయిల్ పాలు పోసిన చాయ్‌లా దిగితే లోపలికి నీళ్లు పోతున్నట్టే. తరచూ దీనికి కారణం నైలాన్ వల దారం. బోటును నెట్టే ఫ్యాను (ప్రొపెల్లర్) వెనక చుట్టుకుని, నీళ్లు చొరకుండా ఆపే సీలును కోసేస్తుంది. సీలు మార్చాక కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా కారేదాకా. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది.

ఇంజిన్‌ను చల్లబరిచే నీటిపంపులో ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) చూడ్డానికి బాగున్నా మార్చేయాలి. పాతదాని రెక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. నీటిదారిలో ఇరుక్కుంటే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం దించేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే నీళ్లు అడుగున విడిపోతాయి. 50:1 (యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, అదీ బోటు ఇంజిన్లకని చేసే టీసీ-డబ్ల్యూ3 రకమే. బైకు ఆయిల్ పోస్తే ప్లగ్గులు మసిబారతాయి.

గోదావరి మీదుగా ఎదురెక్కించి తెచ్చుకోవచ్చనుకునేవారికి ఒక మాట: ధవళేశ్వరం బ్యారేజీ, పోలవరం కట్టడం దారిలో ఉన్నాయి. లారీయే గతి. టైర్ల మీద పడేయకుండా, బోటు వెన్ను పొడవునా దుంగల మీద ఆనేట్టు పెట్టాలి. ఇంజిన్ విప్పి విడిగా నిలబెట్టి కట్టాలి, బ్యాటరీ వైర్లు తీసేయాలి, అడుగు బిరడా తెరిచి ఉంచాలి. 30 కిలోమీటర్లు పోయాక ఆగి పట్టీలు మళ్లీ బిగించాలి. మొదట్లోనే అవి వదులవుతాయి.

ఇక్కడికొచ్చాక అసలు తేడా. సముద్రంలో నడిచిన ఇంజిన్‌కు, దాని బదులు తామే తుప్పుపట్టి కరిగిపోయేలా జింకు ముక్కలు బిగించి ఉంటాయి. మంచినీటిలో వాటిమీద పొర కట్టి పనిచేయడం మానేస్తాయి. అప్పుడు ఇంజిన్ కాలు లోహమే కరగడం మొదలవుతుంది. మెగ్నీషియం లేదా అల్యూమినియం ముక్కలు వేయించాలి. వాటికి రంగు పూస్తే వేసినా వేయనట్టే.

మంచినీరు తేలిక కాబట్టి అదే బరువుకు బోటు ఇంకాస్త మునుగుతుంది. జనంతో సహా రెండు టన్నులుండే బోటుకు తేడా దాదాపు 50 కిలోలు, అంటే ఒక మనిషి. కాకినాడలో 20 మందికని రాసిచ్చిన కాగితం లక్నవరం చెరువులో అలాగే చెల్లదు.

ఎండాకాలం నీళ్లు తగ్గితే తుమ్మమోడులు ఫ్యానుకు తగులుతాయి. చిన్న ఇంజిన్లలో ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే మెత్తటి పిన్ను, షియర్ పిన్, ముందు తానే విరిగి గేర్లను కాపాడుతుంది. దాని చోట మేకు కొట్టి నడిపేవారున్నారు. మేకు విరగదు, గేరు విరుగుతుంది. వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. రెండు పిన్నులు ఎప్పుడూ బోటులోనే ఉంచుకోవాలి.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి ప్రాణాలు పోయినవారిలో మన హనుమకొండ దగ్గరి కడిపికొండవారూ ఉన్నారు. అధికారులు పాత బోటుకు అనుమతి ఇచ్చేముందు వెనుక పలక, గేర్ ఆయిల్ చూడాలి. ఇసుక బస్తాలతో బరువు పరీక్ష ఆ చెరువులోనే మళ్లీ చేయించి, ఎంతమంది ఎక్కవచ్చో ఆ కొత్త సంఖ్యను బోటు పక్కన తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి.

— ఒక బోటు మెకానిక్, హనుమకొండ